ఇడువు అన్న మాట

పొద్దున్నే జ్ఞానమ్మ చాయ పెట్టింది. కొడుకు విక్టర్ వరండాలో కూర్చుని బూట్లు వేసుకుంటున్నాడు, మనోహరాబాద్ వైపు వెళ్లే కంపెనీ బస్సు అందుకోవాలి. అంతలో వంటింట్లో గ్లాసులు భళ్లుమన్నాయి. దాని వెనకే తండ్రి పౌలు గొంతు.

"ఇడువు. ఇడువు అంటుంటే."

విక్టర్ లోపలికి దూకేసరికి తండ్రి చేతిలో ఊతకర్ర లేచి ఉంది. ఒకప్పుడు మెదక్‌లో గోడలు లేపిన మేస్త్రీ చేతులవి. వణుకు వచ్చినా బలం పోలేదు. దెబ్బ జ్ఞానమ్మ మెడ పక్కన పడింది. ఆమె స్టవ్ మీదికి తూలింది, మరుగుతున్న చాయ ముంజేతి మీద ఒలికింది. చెవి వెనక నుంచి నెత్తురు జాకెట్ మీదికి కారింది.

విక్టర్ కర్ర లాక్కున్నాడు. లాక్కుని ఊరుకుంటే బాగుండేది. అదే కర్రతో తండ్రి భుజం మీద బలంగా ఒక్కటి వేశాడు. ముసలాయన గచ్చు మీద కూలబడి కూడా "ఇడువు, ఇడువు" అంటూనే ఉన్నాడు. కాలర్ పట్టుకుని వెనక గదిలోకి ఈడ్చుకుపోయి గొళ్లెం పెట్టాడు విక్టర్. లోపలి నుంచి తలుపు మీద పిడిగుద్దులు మొదలయ్యాయి.

"ఇయ్యాలతోని అయిపోయిందమ్మా. బండి మాట్లాడి యాడన్న ఆశ్రమంల పడేసొస్త. ఇన్నేండ్లు సంసారం చేసినదాన్ని ఇడువు ఇడువు అని కొడతడా? నువ్వు ఇడిసిపోతేనే ఆయనకు సల్లగుంటదట."

"మెల్లగ మాట్లాడురా. కడుపు చించుకుంటే కాళ్ల మీదనే పడతది," అంది జ్ఞానమ్మ, కొంగుతో నెత్తురు అద్దుకుంటూ. దెబ్బ పడిన ప్రతిసారీ తలుపు తగిలిందని వాడకట్టంతటికీ చెప్పుకున్న మనిషి ఆమె.

పక్క గల్లీలో ఉండే కూతురు ఫేబ కేకలు విని పరుగెత్తుకొచ్చింది. కాలేజీలో జువాలజీ చెప్తుంది. తల్లి మెడ చూసింది. అయినా తమ్ముడితో, "ముందు తలుపు తియ్," అంది.

"తియ్య. అమ్మను సంపేదాక సూడాల్నా?"

"పట్నంల డాక్టరు ఏం జెప్పిండో నువ్వు ఇన్నవా? నేను జెప్తుంటే సగంల ఫోన్ పెట్టేస్తివి."

"ప్రోటీన్ సంగతేందో అంటివి. రోజు రెండు గుడ్లు పెడుతనే ఉన్నం గద. ఇంకేం ప్రోటీన్?"

ఫేబకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"తినే ప్రోటీన్ కాదురా. ఒంట్లె ప్రతి కణంల ప్రోటీన్లు తయారైతుంటయి, పాడైతుంటయి. పాడైనదాన్ని కణమే ముక్కలు జేసి, ఆ ముక్కలతోని కొత్తది కట్టుకుంటది. నాయిన పాత గోడ కూలగొట్టి, మంచి ఇటుకలు ఏరి కొత్త గోడకు పెడుతుండె సూడు, గట్ల. వయసు మీదపడితే గా కూలగొట్టుడు మందగిస్తది. నాయిన మెదడుల పాడైన ప్రోటీన్ కుప్పవడ్డది. గందుకే వణుకుడు. గందుకే లేనియి కండ్లకు కనవడుతయి."

"కనవడితే కనవడనీ. అమ్మనెందుకు కొట్టుడు?"

ఫేబ తనే వెళ్లి గొళ్లెం తీసింది. పౌలు తలుపు పక్కనే నేల మీద ఉన్నాడు, వేళ్ల కణుపులు చిట్లి ఉన్నాయి.

"నాయినా, ఎవరిని ఇడువుమంటున్నవ్?"

పౌలు చూపు కొడుకును దాటి వంటింటి వైపు పోయింది.

"గా నల్ల కుక్కను. ఎప్పుడు జూసినా వచ్చి మీ అమ్మ మెడ పట్టుకుంటది. ఇడువు అంటే ఇడుస్తలేదు. కొడితే గీ పోరడెవడో కర్ర గుంజుకున్నడు, నన్ను లోపలేసిండు. కుక్క ఆమె మీదనే ఉండె."

విక్టర్ ఆ మాట ఎన్నిసార్లు విన్నాడు. ఎవరితో అంటున్నావని ఒక్కసారి అడగలేదు.

"అగో, మళ్ల వచ్చింది," అంటూ పౌలు గోడ పట్టుకుని లేవబోయాడు.

విక్టర్ కర్రను సజ్జ మీదికి విసిరాడు. తల్లి దగ్గరికి పోయి, ఆమె మెడ పక్కన ఏమీ లేని చోట రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. లేని కుక్కను వాకిట్లోకి ఈడ్చుకుపోయి, గేటు బయటికి తన్ని, గడియ వేశాడు. బస్సు హారన్ కొట్టి కొట్టి వెళ్లిపోయింది.

"పోయిందా?"

"పోయింది నాయినా."

పౌలు గోడ పట్టుకుంటూ భార్య దగ్గరికి నడిచాడు. వణికే వేలితో ఆమె చెవి వెనక తాకి, తడిని చూసుకున్నాడు.

"నేనొచ్చే లోపలనే కరిసిందా?"

దెబ్బలకు ఏడవని జ్ఞానమ్మకు అప్పుడు దుఃఖం ఆగలేదు. "జరంతే. నువ్వొచ్చినవ్ గద," అంది.

విక్టర్ తండ్రి కాళ్ల దగ్గర కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. పౌలు కంగారుగా వంగి అతని మొహంలోకి చూశాడు.

"నిన్ను గూడ కరిసిందా బిడ్డా?"

"నేనే కరిసిన నాయినా," అన్నాడు విక్టర్.