పైపు చల్లబడిన వానాకాలం

తొమ్మిదో సీసాలోది కూడా విరిగింది. అడుగున నీళ్లు, పైన నల్లటి ముద్ద. డాక్టర్ యామినీదేవి దాన్ని పక్కకి తోసి పదో సీసా అందుకుంది. పట్టు వదిలే రకం కాదు ఆవిడ.

అది 2058 జూలై. ఇసకపాలెం తీరంలో దొరికే క్రూడాయిల్ ముదురుపాకంలా ఉంటుంది, తోస్తే కదలదు. అందుకని పన్నెండు కిలోమీటర్ల పైప్‌లైన్‌ని రేయింబవళ్లు ఆవిరితో వేడిచేస్తూ పంపేవారు. తీసినదాంట్లో పావువంతు ఆ ఆవిరికే ఖర్చు. యామిని ఉపాయం చిన్నదే. పాలలో వెన్న సన్నటి బొట్లుగా నీళ్లలో తేలుతుంది, అందుకే పాలు జారతాయి. క్రూడ్‌ని కూడా అలా బొట్లుగా విడగొట్టి, ఒక్కో బొట్టుకీ సర్ఫాక్టెంట్ అనే రసాయనంతో తొడుగు వేసి నీళ్లలో కలిపితే ఎమల్షన్ అవుతుంది. పైపు గోడకి తగిలేది నీరే కాబట్టి, వేడి చెయ్యకుండానే సాగిపోతుంది. చిక్కల్లా ఒకటే, అవతలి కొస చేరడానికి పట్టే తొమ్మిది గంటలూ అది విరగకుండా నిలవాలి.

ఆవిడ ప్రయోగాల షెడ్డు బయట మైలపల్లి పోలమ్మ ఆ వెచ్చటి పైపు మీద గోనెలు పరిచి నెత్తళ్లు ఆరబెడుతోంది. వానల్లో ఎండ మొహం చాటేస్తే, నలభై ఇళ్ల ఆడవాళ్లకి ఎండుచేపల బతుకంతా ఆ పైపు మీదే. అది లేకపోతే పట్టిన చేప పట్టినట్టే కుళ్లిపోతుంది.

“ఏటమ్మా, అంత జోరుగా తిప్పుతున్నావు?” అంది పోలమ్మ కిటికీలోంచి తొంగిచూసి.

“బొట్లు సన్నబడాలి కదా, పోలమ్మా.”

“సన్నబడితే సరా? ఒకదాన్నొకటి గుద్దుకోవా? కవ్వం జోరు సేస్తే వెన్న ముద్ద కట్టేస్తాది. మజ్జిగ మజ్జిగలా ఉండాలంటే నెమ్మదిగా తిప్పాల.”

యామిని నవ్వబోయి ఆగింది. మిక్సర్ వేగం మూడోవంతుకి దించింది. తొమ్మిది గంటలు గడిచాయి. మర్నాడు పొద్దున కూడా పదో సీసా చెక్కుచెదరలేదు. ఆ సంతోషంలో ఆవిడ పోలమ్మ చేతులు పట్టుకుని ఊపేసింది.

పది రోజులకి పైప్‌లైన్‌లోకి ఎమల్షన్ వదిలారు, బాయిలర్లు ఆర్పేశారు. అవతలి కొసన క్రూడ్ ధారగా పడుతుంటే కంపెనీ పెద్దలంతా చప్పట్లు కొట్టారు. పోలమ్మకి చెబుదామని యామిని వానలోనే పరుగెత్తుకొచ్చింది.

పోలమ్మ పైపు మీద అరచెయ్యి ఆనించి నిలబడి ఉంది. వెనక బుట్టలతో ఆడవాళ్లు.

యామిని కూడా పైపుని ముట్టుకుంది, చల్లగా ఉంది. ద్రవం చిక్కదనాన్ని దశాంశాల దాకా లెక్కగట్టిన మనిషికి, రెండు నెలలుగా రోజూ కళ్లెదుట ఆరిన చేపలు ఒక్కసారీ గుర్తు రాలేదు. సిగ్గేసింది.

“పోనీ, ఆ మజ్జిగనే కూసింత ఏడి సేసి పంపించండమ్మా,” అంది పోలమ్మ. కోపం లేదు, నిజంగానే దారి వెతుకుతోంది.

“వేడి చేస్తే విరిగిపోతుంది, పోలమ్మా.”

మజ్జిగ పొయ్యిమీద పెట్టి విరగ్గొట్టుకున్న మనిషికి అంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు. పోలమ్మ తలాడించి, తడిసిన బుట్ట నెత్తికెత్తుకుంది.

“నెమ్మదిగా తిప్పమని నానే కదమ్మా సెప్పినాను,” అంది.