గోడ అవతలి గొంతు

మధ్యాహ్నం అన్నం డబ్బాలు విప్పే వేళ. ఎనిమిదో తరగతి గదంతా "మే... మే..." అని మార్మోగిపోతోంది.

ఋతుజ మురిసిపోతోంది. ఆ తమాషా తనదే మరి!

భవాని పేట్‌లో వాళ్ళ ఇంటి వెనక గోడ అవతల యమునాబాయి ఉంటుంది. బీడీలు చుట్టే ముసలమ్మ. రోజూ పొద్దున్నే, చుట్టుపక్కల మరమగ్గాలు మొదలుకాకముందే, అటునుంచి శాస్త్రీయ సంగీతం వినిపిస్తుంది. నిన్న ఋతుజ దాన్ని అమ్మ ఫోన్‌లో రికార్డు చేసింది. మధ్యమధ్య మేక అరుపులు కలిపి, క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టింది.

"మస్తు చేసినవ్ ఋతు! మా అన్న గూడ పడి పడి నవ్విండు," అన్నాడు వీరేష్.

పక్కనున్న దీపాలి మాత్రం నవ్వలేదు. రొట్టె సగంలోనే వదిలి డబ్బా మూసేసింది.

"ఏమైందే?"

"ఆకలైతలేదు."

చివరి పీరియడ్‌లో మంగళ టీచర్ వచ్చారు. వార్షికోత్సవంలో ఎవరేం చేస్తారో కాగితం చూసి చదివారు.

"దీపాలి. యమన్ రాగం."

ఋతుజ గిరుక్కున తిరిగి చూసింది. దీపాలి పాడుతుందా? మూడేళ్ళుగా ఒకే బెంచీ. ఒక్కసారి కూడా చెప్పలేదే!

"టీచర్, నా పేరు కొట్టెయ్యండి," అంది దీపాలి.

"ఎందుకు? భయమా? ఒక్క లైను పాడు, పోతుంది."

దీపాలి లేచింది. కళ్ళు మూసుకుని "ఆ..." అని అందుకుంది.

ఋతుజ ఉలిక్కిపడింది. అదే గొంతు! గోడ అవతల పాడేది యమునాబాయి కాదు!

వెనక బెంచీ నుంచి ఎవరో "మే..." అన్నారు. క్లాసంతా గొల్లుమంది. దీపాలి పాట ఠక్కున ఆగిపోయింది. కూర్చుని, బెంచీ మీద తల పెట్టేసుకుంది.

నవ్వుతున్న ఆ ముఖాలను చూస్తే ఋతుజకు భయమేసింది. పొద్దుటి నుంచి తన ముఖమూ అలాగే ఉంది కదా!

"ఎవరది?" టీచర్ గద్దించారు.

ఎవరూ కదల్లేదు. ఋతుజ లేచింది.

"అరిసిందెవరో తెల్వదు టీచర్. కానీ దీపాలి పాటకు మేక గొంతు కలిపి గ్రూపుల పెట్టింది నేనే."

టీచర్ చేతిలో కాగితం దించి ఆమె వైపే చూశారు. వీరేష్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

బడి విడిచాక ఋతుజ పరుగెత్తి దీపాలిని అందుకుంది. "నువ్వని నాకు తెల్వదే. సారీ. యమునవ్వ పాడుతుందనుకున్న."

దీపాలి ఆగింది. "అవ్వ అయితే ఏడిపియ్యొచ్చా?"

ఋతుజకు చెంప మీద కొట్టినట్టయింది.

"అవ్వ దగ్గర ఎనిమిది నెలల సంది నేర్చుకుంటున్న. నీకు చెప్పాలంటే భయమైంది. క్లాసికల్ అంటేనే నువ్వు నవ్వుతవ్," అని దీపాలి వెళ్ళిపోయింది.

ఇంటికి రాగానే ఋతుజ ఆ క్లిప్‌ను తీసేసింది. 'అందరూ డిలీట్ చెయ్యండి. నాది తప్పు' అని గ్రూపులో రాసింది.

మర్నాడు పొద్దున గోడ అవతల ఏ పాటా లేదు. ఋతుజ గోడ దగ్గర ఎంతసేపో నిలబడింది. చివరికి యమునాబాయి గుమ్మం ముందుకు వెళ్ళి, జరిగిందంతా చెప్పేసింది.

బీడీ ఆకులు కత్తిరిస్తున్న ముసలమ్మ చెయ్యి ఆగిపోయింది. "అయ్యో బిడ్డా! ఆ పిల్ల ఒక్క స్వరం పట్టుకునేటందుకే నెల రోజులు కష్టపడ్డది."

ఒక్క స్వరానికి నెల! ఋతుజ తెల్లబోయింది.

"అవ్వా, నేను పోయి తోలుకొస్త."

దీపాలి ఉండే జోడ్‌భావి పేట్ దాకా ఆగకుండా పరుగెత్తింది. తలుపు తీసిన దీపాలి ముఖం ముడుచుకుంది. "ఎందుకొచ్చినవ్?"

"అవ్వ నీకోసం చూస్తుంది. నేను గూడ వింట. నవ్వనే."

దీపాలి ఆమె ముఖంలోకి పరీక్షగా చూసింది. తర్వాత మెల్లగా చెప్పులేసుకుంది.

వాళ్ళు అవ్వ ఇల్లు చేరేసరికి వీధిలో మరమగ్గాలు మొదలయ్యాయి. ఆ దడదడల మధ్యే దీపాలి పాట అందుకుంది. సరిగ్గా వినపడక, ఋతుజ చాప మీద ఇంకాస్త ముందుకు జరిగి కూర్చుంది.