మూడో పేరు

"రుచితా, సంచి దులుపు. బాపు తయారైండు" అని అనసూర్య పొయ్యి దగ్గరి నుంచి కేకేసింది.

నెల మొదటి వారంలో ఆ ఇంట్లో ఒక పొద్దున ఇలాగే మొదలవుతుంది. రుచిత సంచిని గుమ్మం మీద రెండుసార్లు కొట్టింది. లోపల నరహరి మగ్గం దిగి, ఉతికిన చొక్కా వేసుకుని, అద్దం ముందు తల దువ్వుకుంటున్నాడు. రేషన్ దుకాణానికి పోవడానికి తల దువ్వుకునే మనిషిని రుచిత తన తండ్రిని తప్ప ఎవరినీ చూడలేదు.

"బియ్యానికి గింత సింగారమెందుకో" అంది అనసూర్య, చాయ్ అందిస్తూ. "సభకు పోతున్నవా ఏంది?"

"నలుగురుండే జాగ. బనీను మీద పొమ్మంటవా?" అని నరహరి చాయ్ ఊదుకుంటూ తాగాడు.

ఇంట్లో ఉండేది ముగ్గురు. రేషన్ కార్డులో ఉన్నది నలుగురు. పెద్దకూతురు ప్రసూన రెండేళ్ల కింద, బెజ్జంకిలో ట్రాక్టర్ నడిపే భూపతిని ఇష్టపడి పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. కులం వేరని నరహరి ఒప్పుకోలేదు. "అది పెండ్లే గాదు" అన్నాడు ఆ రోజు. మళ్లీ ఆమె పేరు పలకలేదు, ఇంట్లో ఎవరినీ పలకనివ్వలేదు. తల్లీ చిన్నకూతురూ ఆమె గురించి మాట్లాడుకోవాలంటే మగ్గం ఆడుతున్నప్పుడే మాట్లాడుకునేవాళ్లు. మగ్గం చప్పుడు ఆగితే వాళ్ల మాట కూడా ఆగిపోయేది.

రుచితకు పదహారేళ్లు. అసలే మాట తక్కువ పిల్ల. అక్క ఉన్నప్పుడు ఆమె మాటలు కూడా అక్కే మాట్లాడేది. అక్క వేసిన జడ సాయంత్రం దాకా వదులయ్యేది కాదు. ఇప్పుడు తనే అల్లుకునే జడ కాలేజీ బస్సు దిగేలోపే జారిపోతుంది. జారినప్పుడల్లా మెడ మీద అక్క వేళ్లు గుర్తొస్తాయి.

దుకాణం దగ్గర లైను రోడ్డు దాకా ఉంది. సన్నబియ్యం ఇవ్వడం మొదలైనప్పటి నుంచి రాని వాళ్లు కూడా వస్తున్నారు.

"దొడ్డుబియ్యమప్పుడు గీ మొఖాలు ఏడబోయినయో" అన్నాడు ఒకాయన, బుల్లెట్ బండి దిగుతున్న మనిషిని చూస్తూ.

"బండుంటే ఆకలి గాదా?" అన్నాడు ఆ బండాయన. "కార్డిచ్చింది సర్కారు. నేను దొంగతనం జేస్తున్ననా?"

"కార్డులు ఉండాల్సినోళ్లకు తప్ప అందరికున్నయి" అంది ఎస్తేర్. ఆమె నరహరి ఇంటి పక్క సందులో ఉంటుంది. భర్త లేడు, ఇద్దరు పిల్లలు. మూడుసార్లు అర్జీ పెట్టినా కార్డు రాలేదు. ఈసారైనా లిస్టులో పేరుందేమో అడగడానికి వచ్చింది. "మా గల్లీలనే సూడు. ఇల్లిడిచి పోయిన పిల్లకు నెలనెల ఆరు కిలోలు లేస్తున్నయి. ఉన్న మా ముగ్గురికి ఒక్క గింజ లేదు."

 అందరూ నరహరిని చూశారు. రుచిత సంచిలో మొహం పెట్టుకుంటే బాగుండుననుకుంది.

నరహరి మెల్లగా అన్నాడు. "గా ఆరు కిలోలు నువ్వు తీస్కపో బిడ్డా. నాకవి వద్దు."

"నాకు నీ బియ్యం వద్దు కాకా. నా పేరుతోని నాకొక కార్డు గావాలె" అని ఎస్తేర్ కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

వాళ్ల వంతు వచ్చింది. డీలర్ బుచ్చయ్య మిషన్‌లో నంబరు కొట్టి, "ఏలు పెట్టు నరహరన్నా" అన్నాడు. అందరూ అక్కడ వెంటనే వేలు పెట్టేస్తారు. నరహరి మాత్రం చేయి వెనక్కి పెట్టుకున్నాడు.

"ఎవరెవరున్నరో సదువు ముందుగాల."

"నెలనెల గిదే పంచాదాయె నీతోని. అనసూర్య, నరహరి, ప్రసూన, రుచిత. సాలునా?"

నరహరి వెంటనే కదల్లేదు. ఆయన కళ్లు మిషన్ మీద లేవు, ఎక్కడా లేవు. గుడిలో గంట మోగాక ఒక్క క్షణం నిలబడినట్టు నిలబడి, అప్పుడు వేలు పెట్టాడు. రుచితకు అప్పుడే తట్టింది. రెండేళ్లుగా తండ్రి ఉన్న చోట అక్క పేరు ఎవరైనా పైకి అనేది ఇక్కడ ఒక్కచోటే.

ఇంటికొచ్చేసరికి బయటి మెట్టు మీద ప్రసూన కూర్చుని ఉంది. ఒళ్లో ఎనిమిది నెలల పాప. అనసూర్య తలుపులో నిలబడి ఏడుస్తోంది, కానీ లోపలికి రమ్మనే ధైర్యం లేదు. అక్క చిక్కిపోయింది. రుచిత సంచి దించి అక్క పక్కన కూర్చోవాలనుకుని, తండ్రిని చూసి ఆగిపోయింది.

ప్రసూన లేచి నిలబడింది. "బాపూ, మూడుసార్లు ఫోన్ల చెప్పిపిచ్చిన. కార్డుల నా పేరు తీపియ్యి. ఈడ తీస్తేనే గాడ ఎక్కిస్తరట. నేనెక్కితేనే పిల్ల ఎక్కుతదట. పిల్లకు దమ్ము వస్తుంది, ఊపిరాడుతలేదు. దవాఖానల ముందుగాల కార్డే అడుగుతున్నరు."

నరహరి చెప్పులు విప్పుతూనే ఉన్నాడు, విప్పడం అయిపోయాక కూడా.

"మా అత్త ఏమంటుందో ఎరుకేనా? మీ అవ్వగారోళ్లు నీ బియ్యం తినమరిగిన్రు, అందుకే పేరు ఇడుస్తలేరు అంటుంది. కాదని ఎట్ల అనాలె నేను? నేను వద్దు గని నా బియ్యం గావాల్నా మీకు?"

"అట్లనకే" అంది అనసూర్య.

"మరెట్లనాలె అవ్వా? పేరు తీసుడు ఎంతసేపు పని? పగ గాకపోతె ఏందిది?"

నరహరి మగ్గం వైపు నడిచాడు. ఆయన కూర్చుంటే చప్పుడు మొదలవుతుంది, ఇంక ఎవరి మాటా వినపడదు.  రుచిత ముందే వెళ్లి మగ్గానికి అడ్డంగా నిలబడింది.

"పగ గాదు అక్కా. బియ్యం కోసం గాదు" అంది. ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "బుచ్చయ్య నీ పేరు సదువుతడు. గది ఇననీకి పోతడు బాపు. తల దువ్వుకోని పోతడు. సదివేదాంక ఏలు పెట్టడు."

 పాప దగ్గింది, చిన్న ఛాతీలో ఈల వేసినట్టు. ఆ చప్పుడు విని నరహరి తల తిప్పాడు. చాలాసేపు పాపనే చూశాడు. తర్వాత జేబులో కార్డు ఉందో లేదో తడిమి చూసుకుని, విప్పిన చెప్పులు మళ్లీ తొడుక్కున్నాడు.

"నడువున్రి" అన్నాడు.

మీసేవలో కంప్యూటర్ ముందున్న అమ్మాయి కార్డు తీసుకుంది. ప్రసూన పాపతో బయట ఎండలో నిలబడింది. తండ్రి పక్కన నిలబడే చనువు ఇంకా రాలేదు. రుచిత ఇద్దరికీ మధ్య తలుపు దగ్గర ఆగింది.

"పేరు ఎందుకు తీసేస్తున్నరు? కారణం రాయాలె" అంది అమ్మాయి. "చనిపోయిన్రా, పెండ్లయిందా?"

నరహరి బల్ల అంచు పట్టుకున్నాడు. వెనకాల ఎవరో జల్దీ కానియ్యమన్నారు. అమ్మాయి మళ్లీ అడిగింది.

"పెండ్లయింది" అన్నాడు నరహరి.

"ఎప్పుడు?"

"జూన్ పదకొండు. ఆదివారం. పొద్దుగాల తొమ్మిది దాటినంక. వర్గల్ గుడి కాడ."

"టైము అవసరం లేదు తాతా" అంది అమ్మాయి, టైపు చేస్తూ.

బయట ప్రసూన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పెళ్లికి పుట్టింటి వాళ్లెవరూ రాలేదనే ఆమె ఇన్నాళ్లూ అనుకుంది. గుడి బయట ఏ చెట్టు కిందో, ఏ బస్సు వెనకో నిలబడిన మనిషిని ఆ రోజు ఆమె చూడలేదు.

అమ్మాయి కాగితం ఇచ్చింది. నరహరి దాన్ని మడిచి జేబులో పెట్టుకుని బయటికి వచ్చాడు. కూతురి ముందు నిలబడి, నోరు తెరిచి, మూశాడు. అలవాటు తప్పిన మాట అంత సులువుగా రాదు.

"ప్రసూనా" అన్నాడు చివరికి. "ఎండల నిలబడ్డవేందే. పిల్లను గిటియ్యి."