గండి కేక

సీతారత్నం మూకుడులో దిబ్బరొట్టి తిరగేసి మూత పెట్టింది. పెరట్లో కూతురు దుర్గాశ్రీ కొబ్బరాకు బుట్టలు సైకిలుకి కడుతోంది. ఆ పూట తోటకి చూసేవాళ్ల మొదటి బస్సు రావాలి.

అల్లవరం దాటాక ఉప్పుటేటి పక్కనుంది ఆ తోట. వందేళ్ల నాటిది. కొబ్బరి చెట్లు, వాటి నడుమ వరి మడులు, సున్నపు గోడల గాదె, ఎద్దు గానుగ. తొంభయ్యారు తుఫానుకి అన్నీ కూలి పాములపాలయ్యాయి. దుర్గాశ్రీ, ఆమెకి చదువు చెప్పిన ఎబినేజరు మాస్టారు, అమలాపురం కాలేజీ పిల్లలు పైసా పుచ్చుకోకుండా దాన్ని మళ్లీ నిలబెట్టారు. వరి ఎలా పండుతుందో, నూనె ఎలా దిగుతుందో పట్నం వాళ్లకి చూపించాలని వాళ్ల ఆరాటం.

"అడుగుముక్క వెయ్యమంటారా?" సీతారత్నం భర్తని అడిగింది.

"వద్దు." ధనరాజు చెయ్యి కడిగేసుకున్నాడు.

మాడిన అడుగుముక్క ఆయన ఏనాడూ వద్దనలేదు.

దుర్గాశ్రీ లోపలికొచ్చింది. "నాన్నా, మీరూ రండి. గుమ్మం దగ్గర కొబ్బరికాయ మీరే కొట్టాలి."

"మీ నానమ్మ తోట నీ పేర రాసింది కదమ్మా, నువ్వే కొట్టుకో! నా పేర రాసుంటే ఈపాటికి రొయ్యల చెరువు తవ్వించేవాణ్ణి. చుట్టూ అందరూ మేడలు లేపుతుంటే, నా కూతురు గానుగ తిప్పి చూపిస్తుందట. సెంటర్లో నన్ను చూసి నవ్వుతున్నారే!"

"నవ్వనివ్వండి. ఉప్పునీళ్లెక్కితే ఆ నేల ఇంక మనకి అన్నం పెట్టదు నాన్నా."

"అలాగా?" అన్నాడు ధనరాజు.

ఆ మాట అన్న తీరు సీతారత్నానికి నచ్చలేదు.

కూతురు వెళ్లిపోయింది. కాసేపటికి ధనరాజూ కనిపించలేదు. పశువులశాలలోకి వెళ్లి చూస్తే గోడకి ఆనించిన గునపం లేదు. పారలూ లేవు. ఏటికి పోటు వచ్చే వేళ. గట్టు కొట్టి తోటలోకి ఉప్పునీళ్లు వదిలితే అది రొయ్యల చెరువుకి తప్ప పనికిరాదన్న ఆయన ఎత్తు ఆమెకి అర్థమైపోయింది. కొంగు బిగించి పరుగు తీసింది.

అనుకున్నంతా అయింది. తోట పక్క ఏటిగట్టు మీద ధనరాజు, అతను కూలికి మాట్లాడి తెచ్చిన కొండబాబు, అతని మనుషులు. గునపాలు గట్టులోకి దిగుతున్నాయి.

"ధనరాజుగారండీ, ఆగండి! కూచుని మాట్లాడుకుందాం!" ఎబినేజరు మాస్టారు చేతులు చాపి అడ్డం నిలబడ్డాడు.

కొండబాబు పార తిరగేశాడు. పారకర్ర మాస్టారి నుదుటి మీద ఠప్పున పడింది. ఆయన మోకాళ్ల మీద కూలిపోయాడు. రక్తం కళ్లలోకి కారింది. కాలేజీ పిల్లలు కొండబాబు మనుషుల మీదపడ్డారు. పిడిగుద్దులు, బూతులు, చిరిగిన చొక్కాలు. ఒక కుర్రాడి పన్ను ఊడి బురదలో పడింది.

దుర్గాశ్రీ తండ్రి గునపాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"వదలవే!"

"నన్ను పొడిచి తవ్వుకోండి!"

ధనరాజు విదిలించాడు. గునపం మొన జారి ఆమె మోచేతి నుంచి మణికట్టు దాకా చీరేసింది. అయినా అతను ఆగలేదు. నెత్తురంటిన గునపాన్నే మళ్లీ గట్టులో దించాడు.

"ఏమండీ! అది మీ కూతురండీ!" సీతారత్నం అడ్డం పడింది.

చెంప ఛెళ్లుమంది. పెదవి చిట్లి నోరంతా ఉప్పగా అయింది. కాపురానికొచ్చినప్పట్నుంచీ ఆయన అరవడమే గాని చెయ్యెత్తడం ఆమె ఎరగదు.

అంతలో గట్టు జారింది. ఉప్పునీరు బుసకొడుతూ ఏటి పక్క మడిలోకి దూకింది.

ఆ ఊళ్లో గండి పడితే వేసే కేక ఒకటుంది. అది వింటే పెళ్లిపీటల మీదున్నవాడైనా లేచి రావాలి. కోర్టుకెక్కిన అన్నదమ్ములైనా ఒకే బురదలో దిగాలి. గండి పూడేదాకా ఎవరు కొట్టారని అడక్కూడదు. అత్తగారు నేర్పిన ఆ కేకని సీతారత్నం నెత్తురు నోటితో వేసింది.

"గండోయ్! గండీ... గండోయ్!"

కొండబాబు ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఏరా, నిలబడిపోయేవే? నీకు పని చెప్పింది నేను!" ధనరాజు గద్దించాడు.

"ఆయ్, మీరే చెప్పేరండి. కేకేసేక ఇంకేం పనండి?" అంటూ కొండబాబు గండిలోకి దూకేశాడు. పక్కకి చూస్తే, నుదురు పగిలిన మాస్టారు. "మీరు పైకెళ్లండి మాస్టారూ, దెబ్బ తగిలింది."

"కొట్టింది నువ్వేగా! నోర్మూసుకుని ఆ మట్ట ఇటందుకో."

పొలాల్లోంచి జనం పరుగెత్తుకొచ్చారు. ముందు మనుషులు గోడలా నిలబడాలి. వాళ్ల వెనక మట్టలు, గడ్డిమోపులు, మట్టి పడాలి. దుర్గాశ్రీ సరిగ్గా నడిమధ్యలో నిలబడింది. నెత్తురోడే చెయ్యి పట్టు తప్పింది. ఒక్క గుంజుడుతో నీరు ఆమెని మింగేసింది.

ధనరాజు చేతిలో గునపం జారిపోయింది. ఎప్పుడు దూకాడో అతనికే తెలీదు. కూతురి జడ చేతికి దొరికింది. పైకి లాగి, తన వీపు ఏటికి అడ్డం పెట్టాడు.

"కాలు పాతుకో తల్లీ! నా మీద ఆనుకో! వదలకు!"

"మీరూ వదలకండి నాన్నా!"

పోటు తగ్గేదాకా తండ్రీ కూతుళ్లు ఒకరినొకరు పట్టుకుని అలాగే నిలబడ్డారు. గండి పూడింది. ఒక్క మడి మునిగిందంతే, మిగతా తోట దక్కింది.

అప్పటికే బస్సొచ్చి ఆగింది. చూసేవాళ్లు గట్టు మీద నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు. వాళ్లలో ఒక పెద్దాయన అడిగాడు. "అయ్యో! గండి ఎవరు కొట్టేరండీ?"

పూడింది కనక ఇప్పుడు అడగొచ్చు. కొండబాబు తల దించుకున్నాడు. దుర్గాశ్రీ చేతికి తువ్వాలు చుట్టుకుంటూ తండ్రి వైపు చూడకుండా చెప్పింది. "ఎండ్రకాయలు బొరియలు చేసి గట్టు తొలిచేశాయండి. ఇక్కడ మామూలేనండి."

ధనరాజు ముందుకొచ్చాడు.

"ఎండ్రకాయలు కాదండి. నేనేనండి." గట్టు మీద కూలబడి చంటిపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. "దాని చెయ్యి నేనే చీరేనండి. ఆవిడ్ని కూడా కొట్టేనండి..."

సీతారత్నం చిట్లిన పెదవి కొంగుతో తుడుచుకుంది. మట్టి బుట్ట తెచ్చి ఆయన ముందు దింపింది.

"ఏడిస్తే గట్టు నిలబడదండి. మట్టెయ్యండి."

ధనరాజు లేచి బుట్ట ఒక పక్క పట్టి ఎత్తాడు. రెండో పక్క దుర్గాశ్రీ మంచి చేత్తో పట్టింది.