ఎవరిదీ భయం

పళ్లు తోముకుంటున్నప్పుడే నూకరత్నం గుండెలో రోజూ వచ్చే ఆ సన్నటి దడ వచ్చింది. అది తనదో, జట్టులో మరెవరిదో ఆమెకు తెలియదు. ఎవరిదని అడగడం మర్యాద కాదు. పంపక కడియాలు వచ్చిన కొత్తలో జనం అడిగేవారట. రానురాను అది ఆడవాళ్ల వయసు అడిగినంత మోటుతనమైపోయింది.

కడియం ఎడమ మణికట్టుకు ఉంటుంది. ఊరూరా నిలబెట్టిన పంచుగోపురాలు ఒక జట్టులోని కడియాలన్నిటినీ కలిపి ఉంచుతాయి. ఒకరిలో భయం పుట్టగానే గోపురం దాన్ని పట్టుకుని, ముక్కలు చేసి, జట్టులో అందరికీ సమంగా పంచేస్తుంది. ఒక్కడి మీద పడితే కాళ్లు విరిగేంత భయం నలుగురి మీద పడితే చలిగాలి తగిలినట్టు ఉంటుంది, అంతే. పురిటి గదుల్లో కేకలు తగ్గాయి. పరీక్ష హాళ్ల బయట పిల్లలు అష్టాచెమ్మా ఆడుకుంటున్నారు. దెయ్యాల కథలు చెప్పే ముసలమ్మలకు మాత్రం పని పోయింది. "భయపడకు" అనే మాట ఎవరి నోటా వినబడడం లేదు. అవసరం లేని మాటను ఎవరు మాత్రం దాచుకుంటారు?

నూకరత్నానిది మండపేట పెళ్లివంటల జట్టు. ఇంటివంటలన్నీ యంత్రాలకు వదిలేసిన జనం పెళ్లివంట మాత్రం మనిషి చేత్తోనే వండాలని పట్టుపడతారు. జట్టుకు పెద్ద శేషగిరి. పొయ్యిలు చూడడం, గుండిగలు మోయడం వీరభద్రం పని. తీపి వంటకాలు సత్యవేణివి. కూరలూ పులుసులూ శేషగిరి పక్కన నిలబడి నూకరత్నం చూస్తుంది. ఆవాలు చిటపటలాడితే ఉలిక్కిపడే మనిషి వంటలోకి ఎలా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం. కడియం పుణ్యమా అని నెట్టుకొచ్చింది.

పోయిన నెలలో గోపురం నుంచి వాళ్ల కడియాల మీదికి ఒక కబురు వచ్చింది. "మీ జట్టులో నిలవ భయం మోతాదు మించింది. బరువు మనిషిని గుర్తించి, పేరు చెప్పి, జట్టు నుంచి తప్పించవచ్చు." ఎక్కువ భయం ఎవరిదో గోపురానికి తెలుసు, కానీ చెప్పదు. చెప్పకూడదని చట్టం. అందుకే ఇలాంటి కబురు వచ్చిన జట్లన్నీ మారేడుమిల్లి కొండల్లోని కొమ్మతోట దారి పడతాయి. తోట కట్టింది చెట్ల మీద ఆడుకోవడానికే. కానీ అక్కడొక లోయ ఉంది. గోపురం పంపే అల ఆ లోయలోకి దిగదు. లోయ మీది తాళ్ల వంతెన ఎక్కినవాళ్ల భయం వాళ్లతోనే ఉండిపోతుంది, గట్టు మీద ఉన్నవాళ్లకు ఆ మేరకు తేలికవుతుంది. బరువు ఎవరిదో ఇట్టే తెలిసిపోతుంది. సరదాగా వచ్చామనే అందరూ చెప్పుకుంటారు.

బరువు మనిషి తనేనని నూకరత్నానికి అనుమానం లేదు. తప్పిస్తే మరో జట్టు చేర్చుకోదు. భర్త పోయాక ఆమెకు మిగిలింది ఈ ముగ్గురే. వాళ్ల గుండెల పక్కన కాక ఒంటరిగా కొట్టుకునే గుండె ఎలా ఉంటుందో ఆమె మరిచిపోయింది.

*

కొమ్మతోటలో మంచు ఇంకా చెట్ల నడుములు వదల్లేదు. వాళ్లు నడుస్తున్న చెట్టుబాట ఒక మాను మీంచి ఇంకో మానుకు ఊగుతూ పోతోంది. కింద నేల కనబడదు. ఎక్కడో నీళ్ల చప్పుడు, ఎక్కడో ఒక పిట్ట ఆగి ఆగి కూస్తోంది. వెదురు ఆకుల మీంచి జారిన తడి మెడ మీద పడుతుంటే, నిద్రకూ మెలకువకూ మధ్య నడుస్తున్నట్టు ఉంది నూకరత్నానికి. ఇంత అందమైన చోట తన బతుకు తేలిపోబోతోందంటే ఆమెకు నమ్మబుద్ధి కాలేదు.

లోయ గట్టున చెక్క మెట్టు మీద ఆగారు. అందరి నడుముపట్టీలకూ కొక్కేలు తగిలించి ఉన్నాయి. పడడమంటూ ఉండదు. అయినా లోయలోకి చూస్తే మంచు తప్ప ఏమీ లేదు.

సత్యవేణి ముందుగా వెళ్లింది. చెంగు దోపుకుని, గోదారి గట్టున నడిచినట్టు నడిచి అవతలికి చేరింది. గట్టు మీద ఎవరికీ ఏ మార్పూ తెలియలేదు. వీరభద్రం వెళ్లాడు. అతను మధ్యలో ఆగి కిందకు ఉమ్మి మరీ వెళ్లాడు. అప్పుడూ ఏమీ లేదు.

ఇటు గట్టున శేషగిరి, నూకరత్నం మిగిలారు. అవతలి గట్టు నుంచి సత్యవేణి కేకేసింది.

"వదినా! రా మరి, ఏటాలోచిస్తన్నావు?"

ఆ పిలుపులో కోపం లేదు. కానీ సత్యవేణి కళ్లు తన మీదే ఉన్నాయని నూకరత్నానికి అంత దూరం నుంచీ తెలుస్తోంది. తాడు పట్టుకుంది. చెయ్యి జారింది. మళ్లీ పట్టుకుంది.

శేషగిరి ఆమె చేతి వంక చూశాడు. అప్పటిదాకా కబుర్లతో అందరినీ నవ్విస్తున్న మనిషి ముందుకొచ్చి ఆమె చేతిలోని తాడు తీసుకున్నాడు.

"నువ్వుండమ్మాయ్, నేను ముందెళ్తాను" అన్నాడు.

"మీరెందుకండీ బాబాయ్? మీకేం భయమని?"

ఆయన భుజం మీది తువ్వాలు నడుముకు బిగించి వంతెన ఎక్కాడు.

పది పలకలు దాటాడో లేదో, నూకరత్నం గుండెలోంచి ఏదో లేచిపోయింది. ముందు ఆమెకు అర్థం కాలేదు. ఊపిరి పొడుగ్గా వచ్చింది. పిట్ట కూత దగ్గరగా వినిపించింది. ఆకుల పచ్చదనం కళ్లలోకి వచ్చి పడింది. కొన్నేళ్లుగా రోజూ పొద్దున్నే వచ్చే ఆ దడ లేదు. అసలు లేదు. అవతలి గట్టున సత్యవేణి పకపకా నవ్వుతోంది. మాటల మనిషి కాని వీరభద్రం ఈల వేస్తున్నాడు.

నాది కాదన్నమాట, అనుకుంది నూకరత్నం. ఎంత సంతోషం వేసిందంటే ఆమె కూడా నవ్వేసింది.

ఆ నవ్వు పూర్తి కాకముందే శేషగిరి కనబడ్డాడు. వంతెన నడిమధ్యన ఆగిపోయి, రెండు చేతులతో తాళ్లు పట్టుకుని ఉన్నాడు. వెనక్కి తిరగడు, ముందుకు కదలడు. ఇన్నేళ్లుగా నలుగురు మోసింది ఇప్పుడు ఆయనొక్కడి మీద పడింది. ఆయన వీపు వణుకుతోంది. తాము నవ్వుకుంటున్నది ఆ వణుకు మీద నిలబడేనని తెలిసేసరికి నూకరత్నానికి సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది.

"అయ్యో, బాబాయ్ ఆగిపోయాడే!" అంది సత్యవేణి. ఆ తర్వాత ఏమనాలో ఆమెకు తెలియలేదు. వీరభద్రానికీ తెలియలేదు. భయపడ్డ మనిషికి ఏం చెప్పాలో ఆ తరం నేర్చుకోలేదు.

నూకరత్నం వంతెన ఎక్కింది.

*

కడియం చల్లబడింది. మణికట్టు దగ్గర ఎప్పుడూ ఉండే ఆ గోరువెచ్చదనం ఆరిపోగానే, ఆమె భయం మొత్తం ఆమెకు తిరిగి వచ్చేసింది. చిన్నప్పుడు నూతిలోకి తొంగి చూసినప్పటి భయం, ఉరుముల భయం, ఒంటరితనపు భయం, అన్నీ పేరుపేరునా పలకరించాయి. కళ్లు గట్టిగా మూసుకుంది. తాడును తడుముకుంటూ ఒక్కో పలకా జరిగి, ఆయన వెనక రెండడుగుల దూరంలో ఆగింది.

"బాబాయ్."

"ఎందుకొచ్చావే పిచ్చిదానా? పో." గొంతు ఆయనది కానట్టు ఉంది.

"రావడమైతే వచ్చేశానండీ. పోవడం ఎలాగో తెలీటం లేదు."

మంచు వాళ్ల మధ్య నుంచి పోతోంది.

"వాసన పోయిందమ్మాయ్" అన్నాడు శేషగిరి. "జలుబనుకున్నాను. జలుబు తగ్గింది, వాసన రాలేదు. మూడేళ్లయింది."

నూకరత్నం కళ్లు మూసుకునే వింది. పెళ్లివంటలో వడ్డనకు ముందు రుచి చూడరు. చూస్తే ఎంగిలి. ఉప్పెంతుందో, పులుపు సరిపోయిందో పెద్ద వంటమనిషి ఆవిరి వాసన పట్టి చెప్పాలి. శేషగిరి ముక్కంటే పేరూరు నుంచి పిఠాపురం దాకా పేరు. ఆ ముక్కుతోనే ఆయన పెద్ద.

"మరి పులుసు మరుగుతుంటే రోజూ నన్నడిగేవారు కదండీ, ఏమంటావు రత్నం అని?"

"నువ్వు చెప్పిందే నేను చెప్పేవాణ్ణి."

"నాకు పని నేర్పుతున్నారనుకున్నాను. ఇంటికెళ్లి ఎంత మురిసిపోయేదాన్నో."

"ఏ పెళ్లిలో బయటపడతానో అని, నిద్ర లేస్తూనే దడ. మీ అందరికీ పంచిపెడుతున్నానని తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు. ఇందాక నీ చెయ్యి చూశాక ఇంక ఊరుకోలేకపోయాను."

తాడు ఊగింది. ఇద్దరూ బిగుసుకుపోయారు.

కడియాలు రాకముందు వాళ్ల పనిలో ఒక పద్ధతి ఉండేదని శేషగిరి ఆమెకు ఎన్నోసార్లు చెప్పాడు. మరిగే గుండిగను బొంగుకు తగిలించి ఇద్దరు మోసుకెళ్లేటప్పుడు, వెనకవాళ్లకు ఆవిరి తప్ప ఏమీ కనబడదు. ముందున్నవాళ్లు "అడుగు... అడుగు" అని పిలుస్తూ నడిపించాలి. కడియాలొచ్చాక ఆ పిలుపు పోయింది. ముందు మనిషి కాలు తడబడితే వెనక మనిషి గుండెకు దానంతటదే తెలిసేది.

"బాబాయ్, నేను కళ్లు మూసుకున్నానండీ" అంది నూకరత్నం. "తెరవలేను. ముందు మీరున్నారు. అడుగు చెప్పండి."

"నా వల్ల కాదు రత్నం."

"మీరు చెప్పకపోతే నేనిక్కడే ఉండిపోతాను. గుండిగ చేతిలో పెట్టి వదిలేస్తారా?"

నీళ్ల చప్పుడు వినబడుతోంది. ఎంతసేపటికో ముందు నుంచి ఒక మాట వచ్చింది.

"అడుగు."

ఆమె కాలు ముందుకు జరిపింది. పలక దొరికింది.

"అడుగు."

అలాగే వెళ్లారు. మిగిలిన దూరంలో సగం పోయేసరికి ఆయన గొంతులో పాత వంటశాల పలికింది. కుడివైపు పలక వదులుగా ఉంది, ఎడమకు వెయ్యి, అని కూడా చెప్పాడు.

*

తిరుగు దారి జారుతాడు మీద. కొక్కెం తగిలించుకుని దూకితే తీగ వెంట లోయ మీదుగా ఇవతలికి తెచ్చి పడేస్తుంది. లోయ మధ్యలో కడియం చల్లబడగానే నూకరత్నం గొంతెత్తి అరిచింది. తన భయం తన నోట్లోంచి వెళ్లి కొండకు తగిలి మళ్లీ వచ్చింది. మంచు చీలి, కింద అడవంతా ఒక్కసారి పచ్చగా వెలిగింది. ఆ కేక ఆమెకు నచ్చింది. మళ్లీ అరిచింది.

వనభోజనానికి పొయ్యి వెలిగించారు. ఎక్కడికెళ్లినా తమ వంట తామే, నలుగురికైనా గుండిగలోనే, వండుకునే జాతి వాళ్లు. పులుసు మరుగుతుండగా శేషగిరి అందరి ముందూ ఉన్న మాట చెప్పేశాడు. చెప్పి గరిటె తీసి నూకరత్నం చేతిలో పెట్టాడు.

"రేపటి పెళ్లికి పెద్ద నువ్వే. నన్ను ఉంచుకుంటారో తప్పిస్తారో మీ ఇష్టం."

సత్యవేణి తల దించుకుంది. "అవతలి గట్టున ఒళ్లు ఎంత తేలికైపోయిందో బాబాయ్ మాకు! నేను నవ్వాను కూడాను" అని ఏడ్చేసింది. వీరభద్రం కట్టెలు ఎగదోస్తూ ఉండిపోయాడు.

అప్పుడు దడ వచ్చింది. పొద్దుటిది కాదు, కొత్తది, పెద్దది. నాలుగు గుండెలూ ఒకేసారి కొట్టుకున్నాయి. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇలాంటప్పుడు చూపులు తిప్పుకోవడం అలవాటు. సత్యవేణి తిప్పుకోలేదు.

"ఇదెవరిది?" అని అడిగేసింది.

అడగకూడని మాట. పొయ్యిలో పుల్ల ఒకటి చిటపటమంది.

"నాదే" అంది నూకరత్నం. "అయిదొందల మంది పులుసుకు నేను ఉప్పు చెప్పాలంటే... నా వల్లవుతుందా అండీ?"

శేషగిరి ఆమె దగ్గరగా వచ్చాడు. ఎప్పుడో చిన్నప్పుడు విన్న మాట కోసం కాసేపు వెతుక్కున్నాడు.

"భయపడకమ్మాయ్" అన్నాడు.

ఆ మాట ఒక మనిషి ఇంకో మనిషితో అనడం సత్యవేణి వినడం అదే మొదటిసారి. ఏమీ పంచకుండానే దడ ఎలా తగ్గిందో ఆమెకు అర్థం కాలేదు. మణికట్టు మీద గోపురం అడుగుతున్న ప్రశ్న, బరువు మనిషి పేరేమిటని, మెరుస్తూనే ఉంది. నాలుగు కడియాల్లోనూ ఎవరూ దానికి జవాబు ఇవ్వలేదు.

పులుసు దించే వేళయింది. వీరభద్రం బొంగు తెచ్చి గుండిగ చెవులకు తాడు కట్టాడు. శేషగిరి వెనక్కి వెళ్లి ఆవిరిలో నిలబడ్డాడు. ముందు చోటు ఖాళీగా ఉంది. నూకరత్నం కాసేపు దాని వంక చూసి, వెళ్లి బొంగు భుజానికెత్తుకుంది.

"అడుగు" అంది.