వేయని టీకాకు టిక్కు

"అత్తయ్యా, ఎనిమిదింటి మందు వేశారా?"

"వేశాను. టిక్కు కూడా పెట్టాను, చూడు."

బీరువా తలుపుకు అంటించిన మందుల కాగితం వైపు కోడలు కన్నెత్తి కూడా చూడలేదు. "మీరు పెట్టాక మళ్ళీ నేను చూడ్డమేంటి," అంటూ పాప దుప్పటి సర్దింది. ఆ నమ్మకానికి అత్తగారి మనసు చివుక్కుమంది.

ఆ వీధిలో ఆవిడను సొంత పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ సూదమ్మే. ఇరవై రెండేళ్ళుగా టీకాలు వేసే నర్సు. గుమ్మంలో ఆవిడ ఐస్ పెట్టె కనిపిస్తే చాలు, పిల్లలు మంచాల కింద దూరేవారు. అయినా ఒక్కరినీ వదిలేది కాదు. దగ్గని, జలుబని తల్లులు నసిగితే, "చిన్న దగ్గుకు టీకా ఆపక్కర్లేదమ్మా, ముందు పిల్లని గట్టిగా పట్టుకో," అని దబాయించేది.

అలాంటి మనిషి ఇంట్లో మూడేళ్ళ మనవరాలికి తట్టు పోసింది. ఊపిరితిత్తులకు నిమ్ము చేరి, ఆరు రోజులు ఆసుపత్రిలో ఉండి మొన్ననే ఇల్లు చేరింది. "రెండు టీకాలూ పడ్డాయా?" అని డాక్టరు అడిగినప్పుడు కోడలు సంచిలోంచి కార్డు తీసి ఇచ్చింది. రెండు గళ్ళలోనూ టిక్కులున్నాయి. "ఎక్కడో నూటికి ఇద్దరు ముగ్గురికి రెండు పడ్డా వస్తుందమ్మా," అన్నాడాయన. పక్కనే ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డ సూదమ్మ నోరు విప్పలేదు.

ఆ రెండో టిక్కు పెట్టింది తనే. టీకా మాత్రం వేయలేదు.

ఏడాదిన్నర కిందటి మాట. తట్టు మళ్ళీ తిరగబెడుతోందని, ఒక్క బిడ్డ కూడా మిగలకూడదని ఆఫీసువాళ్ళు వెంటపడిన రోజులవి. పైఅధికారి రిజిస్టరు చూడ్డానికి వస్తున్నాడు. ఒక్క గడి ఖాళీ, అదీ సొంతింటిది. ఇంటికెళ్ళగానే వేసేదే కదా అనుకుని రిజిస్టరులోనూ, తన దగ్గరే ఉన్న పాప కార్డులోనూ టిక్కు పెట్టేసింది. తీరా ఇంటికెళ్తే పాప దగ్గుతూ మెడ పట్టుకుని వేలాడింది. ఊళ్ళో పిల్లలందరి ఏడుపూ తట్టుకున్న మనిషికి ఆ ఒక్క ఏడుపు వినడానికి మనసొప్పలేదు. రేపు చూద్దామనుకుంది. రేపు కాస్తా వచ్చేవారం అయింది. టిక్కున్న గడిని ఎవరు మళ్ళీ చూస్తారు? ఆఖరికి తనే మరిచిపోయింది. నూటికి నూరు శాతం పూర్తి చేసినందుకు ఆఫీసువాళ్ళిచ్చిన పత్రం ఫ్రేము కట్టించుకుని మరీ టీవీ పైన తగిలించుకుంది.

ఆ పొద్దున పది దాటాక పైవాటా నుంచి కిందికి దిగి, మెట్ల పక్కన కుర్చీ వేసుకుని, ఐస్ పెట్టె పక్కన పెట్టుకుంది. ఆ రోజు టీకాలకు రావలసిన పిల్లలు పదకొండు మంది. పదకొండు గంటలైనా నరపురుగు కూడా రాలేదు. లేచి కింది వాటాలో ఉండే టైలరమ్మ తలుపు తట్టింది. ఆమె చంకలో పది నెలల బాబు, మెడలో కొలతల టేపు. వాడు ఆ టేపు నములుతున్నాడు.

"వీడికి తట్టు టీకా నెల దాటిపోయింది. తీసుకురా తల్లీ."

టైలరమ్మ చూపు పక్కకు తిప్పుకుంది. "ఏమనుకోకండి సూదమ్మగారూ. మీ కోడలు ఆసుపత్రి నుంచి మా అందరి ఫోన్లకీ మాట పంపింది. రెండు సూదులు పడ్డా నా బిడ్డకిట్లా అయిందని ఒకటే ఏడుపు. మీ ఇంట్లోనే పనిచెయ్యని మందు మా ఇంట్లో పనిచేస్తుందా?"

సూదమ్మ చంటివాడి వైపు చూసింది. ఈ బాబు రోజూ ఆ మెట్ల మీదే పాకుతాడు. వీడికి సోకితే ఆ పాపం ఎవరిది? కుర్చీ, పెట్టె అక్కడే వదిలేసి పైకి నడిచింది.

కోడలు బస్టాండులో టికెట్లిచ్చే ఉద్యోగి. మధ్యాహ్నం డ్యూటీకి తయారవుతోంది.

"అమ్మా, కూర్చో. ఒక మాట చెప్పాలి. చెప్పాక నువ్వేమన్నా పడతాను."

చెప్పింది. గడి సంగతి, దగ్గు సంగతి, డాక్టరు ముందు నోరు మూసుకున్న సంగతి, ఏదీ దాచకుండా చెప్పింది. కోడలి చేతిలోని దువ్వెన అలాగే ఆగిపోయింది.

"ఆరు రోజులు అత్తయ్యా," అంది చివరికి. "ఆరు రోజులూ నా పక్కనే కూర్చున్నారు. డ్యూటీలని తిరిగి పిల్లకి సరిగ్గా తిండి పెట్టలేదు, ఒంట్లో బలం లేకే ఇలా అయిందని నన్ను నేను తిట్టుకుంటుంటే విన్నారు. నా వీపు కూడా నిమిరారు."

"నిమిరాను."

"అప్పుడైనా చెప్పాలనిపించలేదా?"

"ప్రతి గంటా అనిపించింది. నీ మొహం చూస్తే భయమేసింది. ఉద్యోగం పోతుందన్న భయం కూడా ఉంది, అబద్ధమెందుకు."

కోడలు లేచి, బీరువా మీది మందు సీసా తీసుకుని తన సంచిలో పెట్టుకుంది. ఆ ఒక్క పనికి సూదమ్మ కుప్పకూలి ఏడ్చింది. ఏ తిట్టూ ఆవిడనంతగా కోసి ఉండదు.

మంచం మీంచి పాప నీరసంగా, "అమ్మా, నాన్నమ్మకి సూదేశారా?" అని అడిగింది.

సూదమ్మ కళ్ళు తుడుచుకుని, టీవీ పైనున్న ఫ్రేము దించి గోడ వైపు తిప్పి పెట్టింది. ఆఫీసుకు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. రేపు రిజిస్టరు పట్టుకుని రమ్మన్నారు. తర్వాత కోడలి ఫోను అడిగి తీసుకుని, తల్లులందరికీ తన గొంతుతోనే మాట పంపింది: "మా పాపకి రెండో టీకా పడలేదు. వెయ్యకుండానే వేసినట్టు రాశాను. తప్పు మందుది కాదు, నాది. మీ పిల్లల్ని తీసుకురండి."

కిందికి దిగేసరికి టైలరమ్మ బాబునెత్తుకుని మెట్ల దగ్గరే నిలబడి ఉంది. ఆమె చూపు సూదమ్మను దాటి వెనక్కి వెళ్ళింది. పాపను భుజాన వేసుకుని, సంచి తగిలించుకుని కోడలు కూడా దిగి వచ్చింది.

"నా కళ్ళెదురుగా వెయ్యాలి. నా కళ్ళెదురుగానే రాయాలి," అంది టైలరమ్మ.

సూదమ్మ కొత్త టీకా బుడ్డి తెరిచింది. కోడలు పాపను కుర్చీలో కూర్చోబెట్టి, బాబు చెయ్యి కదలకుండా పట్టుకుని, "వెయ్యండి," అంది. వాడు కొంప మునిగినట్టు ఏడ్చాడు. ఆ ఏడుపు ఆగేదాకా సూదమ్మ పెన్ను ముట్టలేదు.

డ్యూటీకి వేళయింది. కోడలు సంచి తెరిచి మందు సీసా తీసింది.

"నా కోపం తగ్గిందనుకోకండి. ఎప్పటికి తగ్గుతుందో నాకే తెలీదు." సీసాను అత్తగారి అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. "నాలుగింటికి పాపకి మందు. వేశాకే టిక్కు పెట్టండి అత్తయ్యా."