నాలుగో పోర్టు ఎవరు ఆపారు?

పన్నెండు టిన్నుల జీడిపప్పు పోయింది. పట్టపగలు, అన్నాల వేళ.

పలాసలోని ఆ జీడి ఫ్యాక్టరీలో గోడౌన్ తాళాలు ఇరవై ఏళ్లుగా అసిరయ్య దగ్గరే ఉంటాయి. కాబట్టి దొంగ అతనే అన్నారు. ఓనరు దమయంతి అందరి ఎదుటా అతని సంచీ వెతికించింది. సాయంత్రంలోగా కేసు రాస్తే ఈ వయసులో అతనికి జైలే.

ఎస్సై ఉషారాణి ఫుటేజ్ చూసింది. గోడౌన్ మీదున్న నాలుగో కెమెరా 1.12కి ఆగింది. 1.37కి మళ్లీ వచ్చింది. మిగతా మూడూ ఆగలేదు.

"కరెంటు కాదు మేడమ్," అన్నాడు దమయంతి తమ్ముడు పవన్. కెమెరాలు పెట్టించింది అతనే. "కెమెరాల వైర్లన్నీ గుచ్చే నెట్‌వర్క్ స్విచ్ బాక్సు అసిరయ్య కూచునే చోటు పక్కనే ఉంది. వైరు పీకీసి, పనయ్యాక మళ్లీ పెట్టీసినాడు."

"నాను ముట్టనేదు తల్లీ," అన్నాడు అసిరయ్య.

"ఆ టైములో ఏం చేస్తున్నావు?"

"జీడిపిక్కలు కోత్తన్నాను. సగం బుట్ట మిగిలిపోనాది. అన్నానికి లెగనేదు."

ఉషారాణి అతని చేతులు చూసింది. వేళ్లనిండా నల్లటి జీడి మరక. బాక్సు తెరిచింది. నాలుగో వైరు తెల్లగా, కొన్న రోజున ఉన్నట్టే ఉంది.

జీడి మరక సబ్బుకే లొంగదు, ఆ చేత్తో పీకితే వైరు నల్లబడాలి. పలాసలో ఆ సంగతి ఒకరు చెప్పాలా? కానీ కోపంలో ఒక్కరూ వైరు వంక చూడలేదు.

ఆమె స్విచ్ అమ్మిన షాపుకి ఫోన్ చేసింది.

"నాలుగు కెమెరాలకి అన్‌మేనేజ్డ్ సాలు, వైర్లు గుచ్చితే అదే పన్జేత్తాదని సెప్పినాను మేడమ్. పవన్ గారు ఇన్నేదు. మేనేజ్డే కావాలన్నారు."

నాలుగింటికి ముగ్గుర్నీ ఆఫీసు గదిలో కూర్చోబెట్టింది.

"మామూలు స్విచ్‌లో ఒక్క కెమెరాని ఆపాలంటే దాని వైరు పీకాలి. మేనేజ్డ్ స్విచ్‌లో ముట్టుకోకుండానే, పాస్‌వర్డ్ కొట్టి లాప్‌టాప్ నుంచే, ఒక్క వైరు గుచ్చిన పోర్టు ఆపేయొచ్చు. పవన్ గారూ, పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?"

పవన్ తలుపు వైపు చూశాడు.

"ఆపడం నేర్చుకున్నారు. ఆ స్విచ్ అన్నీ రాసుకుంటుందని మాత్రం తెలుసుకోలేదు. 1.12, నాలుగో పోర్టు ఆఫ్. 1.37, ఆన్. రెండుసార్లూ మీ లాప్‌టాప్ నుంచే. టిన్నులు ఇప్పుడే మీ కారులో దొరికాయి. మీ అక్కగారి బీరువాలో ఉండాల్సిన గోడౌన్ రెండో తాళంచెవి కూడా."

దమయంతి గోడకి చేరబడిపోయింది. "నిన్ను నానే గదరా పెంచినాను," అంది. కన్నీళ్లు ఆగలేదు.

పవన్‌ని జీపెక్కించారు. దమయంతి గోడౌన్ తాళాలగుత్తి అసిరయ్య ముందు పెట్టింది. అతను ముట్టుకోలేదు.

"తమ్ముడు మోసం సేసినాడని నువ్వు ఏడుత్తన్నావమ్మా. ఇరవయ్యేళ్లు ఎరిగుండి, నన్నొక్క మాటడగనేదు. మరి నానెవర్ని తలుసుకుని ఏడవాల?"

అసిరయ్య గుమ్మంలో చెప్పులేసుకుని కాశీబుగ్గ రోడ్డు వైపు నడిచాడు.